వరద ఫోటో, అమ్మీ కత్తెర

మా చిన్నప్పుడు... గోదావరి మూడో హెచ్చరిక దాటిందంటే, భద్రాచలంలో మా వీధి వీధంతా మూటలు కట్టుకుని సర్కారు బడికి చేరేది. ఆ ఏడాది అందరూ బియ్యం, బట్టలు మోస్తుంటే మా అమ్మీ మాత్రం చేత్తో తిప్పే కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని నడిచింది. తొమ్మిదేళ్ల నా చేతిలో కత్తెర పెట్టింది.

మా అబ్బా గోదావరి అవతల సారపాకలో పనికి వెళ్లి, వంతెన మూసేయడంతో అక్కడే ఉండిపోయారు. అమ్మీ బడి వరండాలో చాప పరిచి ఆ రోజే కుట్టు మొదలుపెట్టింది. చిరిగిన జాకెట్లు, లుంగీలు, పిల్లల లాగులు... ఎవరివైనా సరే.

మూడో రోజు పేపరు ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఫోటో అనగానే మా వాళ్లు ఏం చేశారనుకున్నారు? పౌడరు రాసుకున్నారు, తలలు దువ్వుకున్నారు! ఇల్లు మునిగినా సరే, ఫోటోకి జిడ్డు మొహంతో నిలబడే అలవాటు మాకు లేదు మరి.

అతను తల పట్టుకున్నాడు. పౌడరు తుడుచుకోమన్నాడు... జుట్టు చెదరగొట్టుకోమన్నాడు... చేతులు చాపమన్నాడు. అమ్మీనైతే మిషన్ పక్కకు నెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవమన్నాడు.

అమ్మీ చక్రం తిప్పడం ఆపలేదు.

పక్కింటి లచ్చక్క బతిమాలింది. పేపర్లో పడితేనే బియ్యం, కిరసనాయిలు జల్దీ వస్తాయని అందరూ అన్నారు. అదేం అబద్ధం కాదు... రెండు రోజులుగా గంజే తాగుతున్నాం. అమ్మీకీ ఆ సంగతి తెలుసు. అయినా తలెత్తి నెమ్మదిగానే అంది.

"గోదారి ఇల్లు తీస్కపోయింది తమ్మీ, చేతులు తీస్కపోలే. గిట్లనే తీస్తే తియ్, లేకుంటే పో."

అతను అలాగే ఒకటి తీసుకున్నాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, బిస్కెట్ చూపించి చెయ్యి చాపమన్నాడు. నేను చాపాను! అమ్మీ చూసింది. లేచి వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. నేను భోరుమన్నాను... సరిగ్గా అప్పుడే అతను కెమెరా నొక్కాడు.

మర్నాడు పేపర్లో నేనే. చెయ్యి చాపి, ముక్కు కారుతూ... కింద 'ఆకలికి అల్లాడుతున్న చిన్నారి' అని పెద్ద అక్షరాలు. లచ్చక్క సంబరపడిపోయింది. సాయంత్రానికి బియ్యం లారీ వచ్చింది. ఫోటో చూసి వచ్చిందో, మామూలుగానే వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మీ ఆ బియ్యం వండింది, అందరం కడుపునిండా తిన్నాం.

తిన్నాక కత్తెర తీసింది. బట్ట కత్తిరించినంత శ్రద్ధగా, కింద ఉన్న ఆ అక్షరాలను కత్తిరించి పొయ్యిలో వేసింది. ఫోటో నా చేతికిచ్చింది.

"మొహం నీది, దాచుకో. మాటలు వాళ్లయ్, మనకొద్దు."

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఈ గ్రూపులోనే ఎవరో పాత ఇంగ్లండు పేపర్ల ఫోటోలు పెట్టారు. డెబ్బై ఏళ్ల కిందటివట. వీధి నిండా నీళ్లు... పాలవాడు పడవలో నిలబడి, నవ్వుతూ మేడ కిటికీకి సీసా అందిస్తున్నాడు. ఇంకో దాంట్లో ఒకామె మోకాలి లోతు నీళ్లలో కుర్చీ వేసుకుని టీ తాగుతోంది. కింద కామెంట్లే కామెంట్లు... ఎంత గుండెధైర్యమో అని.

ఫోటోలు బాగున్నాయి, కాదనను. కానీ నాకు ఒళ్లు మండింది. ఆ ధైర్యం మా బడి వరండాలోనూ ఉంది... పౌడరు రాసుకుని మరీ నిలబడింది. మా వాళ్లను మాత్రం తుడుచుకోమన్నారు. వాళ్ల వరదలో నవ్వు వార్త అయితే, మా వరదలో ఏడుపు ఒక్కటే వార్తా?

మిషన్ ముందు కూర్చున్న అమ్మీ ఫోటో అచ్చు కాలేదు. ఎక్కడుందో తెలియదు. అమ్మీ కూడా ఇప్పుడు లేదు.

ఇప్పుడు అందరి చేతుల్లో కెమెరాలే... అయినా మొన్నటి వరదలో ఒకతను ఫోన్ పట్టుకుని ఒక ముసలమ్మను 'కొంచెం ఏడువమ్మా' అనడం నా చెవులారా విన్నాను. ఆమె ఏడ్చింది కూడా... పాపం.

మీ ఇళ్లలోని పాత ఫోటోలు కింద కామెంట్లలో పెట్టండి. మాటలు మాత్రం మీరే రాయండి. నా ఫోటో ఇదిగో... కింద ఖాళీ ఇన్నేళ్లూ అలాగే ఉంది. ఇవాళ నేను రాస్తున్నాను.

'చెయ్యి చాపినందుకు అమ్మీ కొట్టింది. అందుకే ఏడుస్తున్నాను.'