కాసిం చేసిన తప్పుడు తాళంచెవి

1978 వేసవిలో నన్ను రెండో గ్రేడు ప్రొబేషన్ ఆఫీసరుగా విశాఖపట్నం వేశారు. కోర్టుల వెనక పెంకుటింట్లో రెండు గదులు మా ఆఫీసు. నేను, ఒక గుమాస్తా, ఒక బంట్రోతు. మా ఉద్యోగం ఏమిటో చుట్టాలకే అర్థమయ్యేది కాదు. పోలీసా అంటే కాదు, జైలా అంటే కాదు. మొదటిసారి నేరం చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకుని కోర్టు ఇంటికి పంపుతుంది. ఆ గడువు తీరేదాకా అతని పనీపాటా చూస్తూ కోర్టుకు నివేదికలు పంపేవాడు ప్రొబేషన్ ఆఫీసరు. పెరోలు వేరు. అది శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి దొరికే సెలవు. అతని ఊరికి వెళ్లి విచారించి, పంపవచ్చో లేదో రాయడమూ మా పనే. బాండు షరతు తప్పాడని మేం ఒక్క కాగితం రాస్తే మనిషి జైలుకు వెళ్లే ప్రమాదం ఉండేది. మా కాగితానికి బరువెక్కువ, మాకు హోదా తక్కువ.

కాసిం ఫైలు నాకు ముందున్న ఆఫీసరు నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి. పూర్ణా మార్కెట్ పక్క సందులో తాళాలు బాగుచేసే కొట్టు, తండ్రి నాటిది. ఎవడో సబ్బుముక్క మీద అచ్చు తెచ్చి చెవి చేయమంటే, ఎవరిదని అడగకుండా చేసిచ్చాడు. దాంతో ఒక బట్టల కొట్టు దోచారు. దొంగలకు జైలుశిక్ష పడింది. కాసింకు అదే మొదటి నేరం, దొంగసొత్తులో వాటా లేదు. అందుకని మేజిస్ట్రేటు రెండేళ్ల బాండు మీద వదిలారు. అయితే అందులో ఒక షరతు ఉంది. ఆ రెండేళ్లూ తాళాల పని ముట్టకూడదు.

మొదటిసారి అతని ఇంటికి చెప్పకుండా వెళ్లాను. మా పద్ధతి అదే. పోర్టులో కళాసీగా బస్తాలు మోస్తున్నాడట. భుజం బెణికి ఆ రోజు పడుకుని ఉన్నాడు. అతని భార్య బీబీ తలుపు దగ్గర నిలబడి మాట్లాడింది.

“అడక్కుండా సేసీడం తప్పే సార్. మా ఆయన కూడా కాదనడు. గానీ సేతిలో ఉన్న పని మానిపిత్తే మనిసి ఏటైపోతాడు? ఆ దొంగల జట్టులో మిగిలినోళ్లు రోజూ వొచ్చి, రారా, పని సూపిత్తాం అంటన్నారు.”

ఆ మాట నన్ను వదల్లేదు. నేరం నుంచి దూరంగా ఉంచడానికి పెట్టిన షరతు అతన్ని నేరం వైపే నెడుతోందనిపించింది. బాండు షరతులు మార్చమని కోర్టును కోరే వీలు చట్టంలో ఉంది. కానీ ఆ రోజుల్లో ఎవరూ వాడేవారు కాదు. నేను దరఖాస్తు పెట్టాను. పోలీసులు వద్దన్నారు. మార్కెట్ వ్యాపారుల తరఫున ధాన్యం వర్తకుడు కామయ్య గారు స్వయంగా కోర్టుకొచ్చి, “ఇది దొంగ చేతికి తాళాలిచ్చీడమే బాబూ” అన్నారు. కోర్టులో అందరూ నవ్వారు. నేను మాత్రం పాత షరతు స్థానంలో కొత్తది రాసుకొచ్చాను. తాళంకప్ప, దాని యజమాని, ఇద్దరూ కళ్లెదుట లేనిదే కాసిం చెవి చేయకూడదు. మేజిస్ట్రేటు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. “ఈ షరతు తప్పితే అతనితోపాటు మీరూ నాకు జవాబు చెప్పాలి” అన్నారు.

కాసిం కొట్టు మళ్లీ తెరిచాడు. సముద్రపు గాలికి తుప్పు పట్టని తాళం విశాఖలో లేదు, కాబట్టి పనికి కొరత లేదు. మార్కెట్ వాళ్లు రాకపోయినా మిగతా పేటల వాళ్లు వచ్చేవారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కాసిం మా ఆఫీసుకొచ్చాడు. అది అతను హాజరు వేయించుకునే రోజు కాదు. చేతిలో టిఫిన్ క్యారియర్. పై గిన్నె తీసి, గుడ్డలో చుట్టిన సబ్బుముక్క నా బల్ల మీద పెట్టాడు. దాని మీద తాళంచెవి అచ్చు.

“సత్యం అని, నాతో బస్తాలు మోసీవోడు సార్. ఇది ఇచ్చి నాలుగు రోజుల్లో సెవి కావాలన్నాడు. నాను సెయ్యనంటే ఇంకోడి కాడికెల్తాడు. సేత్తే నాను జైలుకెల్తాను. ఏటి సెయ్యమంటారు?”

ఎవరి తాళమో తెలుసా అని అడిగాను. అచ్చు మీద బొటనవేలు పోనిచ్చాడు.

“కామయ్య గారి గిడ్డంగిది. మా నాయన బిగించిందే. నాకు తెల్దా?”

ఆ సబ్బుముక్క అతని దగ్గర దొరికితే చాలు, పోలీసులు మరో మాట వినరు. అక్కడికక్కడే ప్రత్యేక నివేదిక రాసి, టైము వేసి, గుమాస్తా చేత రిజిస్టరులో ఎక్కించి, కాసింను వెంటబెట్టుకుని మేజిస్ట్రేటు గారి గదికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివి, ఇతను నేరుగా పోలీసుస్టేషనుకు ఎందుకు వెళ్లలేదని అడిగారు. వెళ్తే మొదట తననే లోపల వేస్తారని భయపడ్డాడని చెప్పాను. ఆయన కాదనలేదు. ఇన్‌స్పెక్టరుకు కబురు పంపారు.

ఇన్‌స్పెక్టరు వస్తూనే కాసింను ఎగాదిగా చూశారు. దొంగలతో వాటాల దగ్గర తగువొచ్చి ఉంటుందని ఆయన అనుమానం. చివరికి, చెవి చేసి ఇవ్వనీ, మేం కాపు కాస్తాం అన్నారు.

“సేత్తాను గానీ సార్, అది తాళం తియ్యదు,” అన్నాడు కాసిం. “లోనికెల్తాది. తిరగదు. బయటికీ రాదు.”

“అలా చెయ్యడం కుదురుతుందా?”

“తీసీ సెవి కన్నా కట్టం సార్. కుదురుతాది.”

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకుని, ఈ ఒక్కసారికి షరతు సడలిస్తున్నట్టు ఫైల్లో రాసి సంతకం పెట్టారు. కామయ్య గారికి చెబితే ఊరంతా తెలుస్తుందని ఆయనకు చెప్పలేదు.

చెవి చేతికొచ్చిన మర్నాడే, భోజనాల వేళ మార్కెట్ మూతపడ్డాక, సత్యం మరో ఇద్దరితో తోపుడుబండి తెచ్చుకుని గిడ్డంగి ముందుకొచ్చాడు. ఎదుటి టీకొట్టులో మామూలు బట్టల్లో ఇన్‌స్పెక్టరు, ముగ్గురు కానిస్టేబుళ్లు. నేను అక్కడ ఉండాలని ఏ నిబంధనా లేదు. అయినా మూడో టీ తాగుతున్నాను. సత్యం చెవి పెట్టాడు. తిప్పాడు. తిరగలేదు. లాగాడు. రాలేదు. రెండోవాడు ప్రయత్నించాడు. మూడోవాడు తలుపుకు కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టి, తాపీగా వెళ్లి సత్యం భుజం మీద చెయ్యి వేశారు.

“ఏటి బావా, రాట్లేదా?”

ముగ్గురూ దొరికారు. అన్నం చేత్తోనే కామయ్య గారు పరుగెత్తుకొచ్చారు. జరిగింది విని, ముందు నమ్మలేదు. తన చెవితో తాళం తీయబోతే లోపల కాసిం చెవి అడ్డు. కాసింను పిలుచుకు రమ్మని ఇన్‌స్పెక్టరే మనిషిని పంపారు. అప్పటికి మార్కెట్ సగం అక్కడ పోగైంది. కాసిం పనిముట్ల సంచీతో వచ్చి, తాళాన్ని ముట్టకుండా నా వైపు తిరిగాడు.

“కప్ప ఉంది. యజమాని ఉన్నారు. తియ్యొచ్చా సార్?”

తియ్యమన్నాను. పది నిమిషాల్లో ఇరుక్కున్న చెవి ఊడి అతని అరచేతిలో పడింది. జనం చప్పట్లు కొట్టారు. కామయ్య గారు అందరికీ వినబడేలా, “కాసిమూ, మా ఇంట్లో బీరువా తాళం కూడా మొరాయిత్తంది. రేపు వొచ్చి సూడాల” అన్నారు. ఆ వారంలో మార్కెట్ వాళ్లు మరో ఏడుగురు కొట్టుకు వచ్చారని బీబీ నాతో చెప్పింది. ఏడుగురి పేర్లూ చెప్పింది.

మరుసటి నెల, బాండును గడువుకు ముందే రద్దు చేయమని దరఖాస్తు పెట్టాను. పోలీసులు అభ్యంతరం లేదని కాగితం పంపితే సరిపోయేది. ఇన్‌స్పెక్టరు తనే వచ్చి కోర్టులో నిలబడి చెప్పారు. మేజిస్ట్రేటు ఆ పూటే బాండు కొట్టేశారు. చట్టం ప్రకారం ఆ నేరం తాలూకు అనర్హత ఏదీ ఇక కాసింకు అంటదని నేను అతనికి చదివి వినిపించాను. కాసిం ఆ కాగితాన్ని మళ్లీ చదవమన్నాడు. చదివాను.

ఆ కేసు నాకు రెండు సంగతులు నేర్పింది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి తప్పు చేయకుండా ఉన్నాడన్నంత మాత్రాన పర్యవేక్షణ ఫలించినట్టు లెక్క కాదు. తప్పుకు పిలుపు వచ్చిన రోజున అతను ముందు ఎవరి దగ్గరికి వస్తాడో చూడాలి. రెండోది షరతుల సంగతి. ఆ తర్వాత నా సర్వీసంతా, ఏ బాండుకు షరతు సూచించవలసి వచ్చినా, అది పాటిస్తూ ఆ మనిషి మర్నాడు పొద్దున ఏ పనికి వెళ్తాడో ముందు తెలుసుకున్నాకే కోర్టుకు పంపాను.