కదలని ముల్లు

ఇవాళ పొద్దున ఎనిమిదైనా కాకముందే అక్క కూతురు వాట్సాప్‌లో ఒక సందేశం పంపించింది. ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే భూమిలోని అయస్కాంతశక్తి రక్తంలోని ఇనుమునంతా తలకు లాగేస్తుందట. సందేశం చివర దండం పెడుతున్న చేతుల బొమ్మలు మూడు, వాటి కింద ఎప్పటిలాగే ఆమె ప్రశ్న: "నిజమేనా చిన్నమ్మా?" నేను కూడా ఎప్పటిలాగే "కాదు" అని ఒక్క మాట రాసి ఫోను పక్కన పెట్టాను. బాన్సువాడలో ముప్ఫై ఏళ్ళపాటు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన దగ్గరినుంచి మా చుట్టాల్లో ఏ వింత పుట్టినా ముందు నా దగ్గరికి తనిఖీకి వస్తుంది. రాగిచెంబు నీళ్ళూ, గ్రహణం నాటి రోకలీ, మెడలో వేసుకుంటే మోకాళ్ళ నొప్పి తగ్గించే అయస్కాంతపు గొలుసూ అన్నీ నా చేతిమీదుగానే పోయాయి. తొందరపడి తీర్పు చెప్పనని నాకు పేరు. అయితే ఇవాళ "కాదు" అని రాసిన తరువాత ఎందుకో కుర్చీలో కూర్చోలేకపోయాను. వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఈ పిల్ల తల్లికి, అంటే మా అక్కకు, నేను ఒకసారి ఇంతే ధీమాగా ఒక తీర్పు చెప్పాను. అది తలపుకొచ్చినప్పుడల్లా నా కాలు ఒకచోట నిలవదు.

పాఠంలో మూడు క్షేత్రాలు వచ్చేవి. గురుత్వ క్షేత్రాన్ని నమ్మించడానికి నేనెప్పుడూ కష్టపడలేదు. చేతిలోని సుద్దముక్క వదిలితే చాలు, పొలం ఒడ్డు మీద జారిపడ్డ అనుభవం లేనివాళ్ళు మా తరగతిలో ఎవరూ ఉండేవారు కారు. అయస్కాంత క్షేత్రానికి కాగితం మీద ఇనుపరజను చల్లి, అడుగున అయస్కాంతం పెట్టి, వేలితో మెల్లగా తట్టేదాన్ని. రజను గీతలుగా సర్దుకుంటుంటే వెనక బెంచీవాళ్ళు కూడా లేచి నిలబడి చూసేవారు. విద్యుత్ క్షేత్రం దగ్గరికి వచ్చేసరికే తరగతి మొత్తం ఆవులించేది. కంటికి కనబడదు, చేతికి చిక్కదు, బోర్డు మీద బాణపు గుర్తులు తప్ప చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. నిజం చెప్పాలంటే నేను కూడా దాన్ని లెక్కల్లో నమ్మినంతగా ఒంటితో నమ్మలేదు. నా తప్పుకు మూలం అక్కడే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాకు జడ వేసిందీ, నన్ను బడికి పంపించమని నాయనతో కొట్లాడిందీ ఆమే. తను మాత్రం నాలుగో తరగతితో ఆపేసింది. కోటగిరి వైపు, నిజాంసాగర్ కాలువ కింద వాళ్ళకు పొలం ఉంది. అందులో అన్నిటికంటే సారమున్న మడి మీదుగా హైటెన్షన్ తీగలు పోతాయి కాబట్టి దానికి టవర్ మడి అని పేరు పడింది. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం వానాకాలం నాట్లు ఆ మడితోనే మొదలవుతాయి. నారు కట్టకు పసుపూ కుంకుమా పెట్టి, మొదటి ముద్దను, అంటే గుప్పెడు నారును, ఇంటి ఆడమనిషే నాటాలి. ఆ తరువాతే కూలీలు మడిలోకి దిగుతారు. అక్క కాపురానికి వచ్చిన ఏడాదినుంచీ ఆ ముద్ద ఆమెదే. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఆమె కల్లం దగ్గర రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటున్నదని హైదరాబాదు దవాఖానాలో కాలర్ ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెకంటే చిన్నదైన పేస్‌మేకర్ పెట్టి పంపించారు. అక్క దాన్ని "నా డబ్బి" అనేది. ఇంటికి వచ్చిన నెలకే ఆమె మంచంలో ఒక పక్కకు పండుకోలేక, రెండో పక్కకు తిరగలేక, ఊరికే తిండి తింటున్న గొడ్డునైపోయానని ఏడవడం మొదలుపెట్టింది.

దవాఖానావాళ్ళు ఇచ్చిన కాగితాలలో ఇంగ్లీషులో ఒక జాబితా ఉంది. పెద్ద అయస్కాంతాలకూ, వెల్డింగ్ మిషన్లకూ, హైటెన్షన్ తీగలకూ దూరంగా ఉండాలని అందులో రాశారు. ఎంత దూరమో రాయలేదు. నాట్లకు ఇంక రెండు రోజులుందనగా బావ ఆ కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మోటారుసైకిలు ఆపకుండానే కేకేశాడు. "పంతులమ్మా! గింత చదువు చదివినవ్ గద, గిది నీతోనన్న అయితదేమొ సూడు. మీ అక్క టవర్ మడిల దిగుతనంటది, నేను వద్దంట. ఇంట్ల రోజు పంచాయితే. నువ్వు ఊఁ అంటె ఊఁ, కాదంటె కాదు."

మరునాడు మధ్యాహ్నం నేను నా దిక్సూచి తీసుకుని పొలానికి పోయాను. ఇత్తడి డబ్బాలో ఉండే పాత దిక్సూచి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు దిక్కు చూపించలేదు. పెద్ద కరెంటు పోయే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, ఉంటే ముల్లు కదలాలి, ఇది తొమ్మిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. తీగల కింద ఒడ్డు మీద గొంతుక్కూర్చుని చూశాను. ముల్లు ఉత్తరం వైపే ఉంది. యాభై అడుగులు దూరం పోయి చూశాను, మళ్ళీ తీగల కిందికి వచ్చి చూశాను, టవరు కాళ్ళ దగ్గరికి మాత్రం ఆ ఇనుము ముల్లును లాగుతుందని పోలేదు. అంత జాగ్రత్తగా చేశాను. ముల్లు కదలలేదు. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. బావ నడుము మీద చేతులు పెట్టుకుని నా తల మీదుగా చూస్తున్నాడు.

"నెత్తిమీద తీగలు జుయ్యిమని మొత్తుకుంటున్నయ్, నీ ముల్లు నిద్రవోయిందేమొ లేపు. ముసుర్ల గొడుగు పట్టుకోని గీడికెల్లి నడుస్తుంటె ఇనుపకాడ తాకి చీమ కుట్టినట్టయితది నాకు."

"చీమే కుట్టిందేమొ బావా. ఒడ్డుమీద చీమలకు కరువా?"

"అగొ, నేను సెప్తె అబద్ధం, ముల్లు సెప్తె నిజం!"

ఒడ్డు అవతల నిలబడి ఉన్న అక్క విసుక్కుంది. "మీ బావామరదళ్ళ సరసం తరువాతాడుకోండ్రి. ముల్లు ఏమన్నది చెల్లె?"

"ఏం లేదన్నదక్కా."

"ఇగ అయిపాయె" అంది అక్క. ఆమె ముఖం మీద నాలుగు నెలలుగా లేని వెలుగు చూసి నాకు నా శాస్త్రం మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. సాయంత్రం నేను బయల్దేరేసరికి ఆమె పొలం పనికి కట్టుకునే పాత చీర తీసి దండెం మీద ఆరేస్తూ ఉంది.

మర్నాడు, నాట్లు మొదలయ్యే రోజు పొద్దున, ఎందుకో తెలియదు, పరీక్ష చేసిన పరికరాన్నే పరీక్షించాలనిపించింది. ఇది నా పాత రోగం. పెరట్లో నీళ్ళ మోటారు నడుస్తోంది. దాని పక్కన గోడ మీద దిక్సూచి పెట్టాను. ముల్లు కొద్దిగా మోటారు వైపు తిరిగి ఆగింది, అది లోపలి ఇనుము పని. మోటారు ఆపాను. ముల్లు కదలలేదు. మళ్ళీ వేశాను. కదలలేదు. చక్రాన్ని అంత వేగంగా తిప్పుతున్నదే అయస్కాంత క్షేత్రం. అది బొత్తిగా లేదన్నట్టుగా నా ముల్లు ఊరుకుంది. అప్పుడు తట్టింది. మన తీగల్లో కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ముల్లును ఒక పక్కకు నెట్టి, అది కదిలేలోపే రెండో పక్కకు నెడుతుంది. ముల్లు ఎటూ పోలేక నిలబడుతుంది. ఈ సంగతి నేను ప్రతి సంవత్సరం బోర్డు మీద రాశాను, పరీక్షలో అడిగాను, రాయనివాళ్ళకు మార్కులు తగ్గించాను. నిన్న ఒడ్డు మీద ఒక్క క్షణం కూడా గుర్తుకు రాలేదు. విద్యుత్ క్షేత్రం మాటయితే ఇక చెప్పనే అక్కర్లేదు, దిక్సూచికి దానితో పనే లేదు.

బావకు ఫోను చేశాను, ఎత్తలేదు. అక్కకు ఫోను మోసే అలవాటు లేదు. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే కోటగిరి ఆటోలు ఆగే చోటికి పరుగెత్తాను. ఆటోలో నలుగురం ఎక్కాం, ఇంకా ఇద్దరు రావాలని డ్రైవరు నిలబడ్డాడు. అతను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

"జర జల్ది నడువు నాయినా."

"ఇంకిద్దరొస్తె ఎల్దాం మేడం. నిమ్మళంగ ఆలోచించి రాయాలె అని మీరే గద చెప్తుండె క్లాసుల."

"ఆలోచించకుండ రాసిన, గందుకే ఉరుకుతున్న. నడువు!"

అతను నా ముఖం చూసి బండి తీశాడు.

నేను పొలం చేరేసరికి కూలీలు ఒడ్డు మీద వరసగా నిలబడి ఉన్నారు, సగంమంది మరాఠీ మాట్లాడే ఆడవాళ్ళు. అక్క దమ్ము చేసిన మడి నడుమ, సరిగ్గా తీగల కింద, మోకాలి లోతు బురదలో వంగి నాటుతోంది. మొదటి ముద్ద ఎప్పుడో అయిపోయింది, ఆమెకు ఆగబుద్ధి కాలేదు. నేను గొంతు పగిలేలా అరిచాను. "అక్కా! బయటికి రా! నా పరీక్ష తప్పు!" ఒడ్డు మీద అందరూ నా వైపు తిరిగారు. ఆ మాటను అంతమంది ముందు అంత గట్టిగా నేను జీవితంలో ఎప్పుడూ అనలేదు.

అక్క నడుము ఎత్తి నిలబడింది కానీ కదలలేదు. "నీ పరీక్ష తప్పయింది, సరె. గీ తీగలు నా డబ్బిని ఏమన్న చేస్తయని ఎరుకైందా నీకు?"

"లేదక్కా."

"ఏం జెయ్యయని ఎరుకైందా?"

"అదీ లేదు."

"మరి ఏమెరుక నీకు?"

"ఏమెరుక లేదు. గందుకే రమ్మంటున్న."

ఆమె చేతిలో మిగిలిన నారును కూలీలకు ఇవ్వలేదు, కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని బయటికి నడిచి వచ్చింది. బురద పట్టుకుంటున్న ఒక్కొక్క అడుగునూ నేను లెక్కపెట్టాను.

అదే గంటలో దవాఖానాకు ఫోను చేశాను. అక్కడ పేస్‌మేకర్ మిషన్లు చూసే ఆయన, చాలామందికి ఇబ్బంది రాదనీ, అయినా ఆమెను చూడకుండా చెప్పలేననీ, తెచ్చి చూపించేదాకా ఆ మడిలో దిగవద్దనీ అన్నాడు. పదకొండు రోజుల తరువాత రమ్మన్నాడు. బావ మిగిలిన మడులన్నీ నాటించాడు. టవర్ మడి మాత్రం అక్క దిగకుండా సాగకూడదని ఆమె పట్టుబట్టింది. ఆ సాయంత్రం పొద్దు వాలాక బావ కాలిపోయిన ట్యూబులైటు ఒకటి పట్టుకుని నన్ను మళ్ళీ తీగల కిందికి తీసుకుపోయి, దాన్ని ఒక చివర పట్టుకుని పైకెత్తాడు. ఏ వైరూ లేకుండా అది అతని చేతిలో పాలిపోయిన వెలుగుతో వణుకుతూ వెలిగింది. ముప్ఫై ఏళ్ళు బాణపు గుర్తులతో చూపించలేకపోయిన విద్యుత్ క్షేత్రం నా కళ్ళ ముందు ఉంది. "చీమనా పంతులమ్మా?" అన్నాడు బావ. "కాదు బావా, నువ్వన్నదే నిజం" అన్నాను. ఆ పదకొండు రోజులూ నాకు అన్నం రుచించలేదు. వారానికి రెండుసార్లు పొలానికి పోయి, నారుమడిలో రోజురోజుకీ ఎత్తవుతున్న నారును చూసి తిరిగివచ్చాను.

దవాఖానాలో ఆయన అక్క ఛాతీ మీద ఒక బిళ్ళలాంటి పరికరం ఆనించాడు. అందులో అయస్కాంతం ఉందని తెలిసి బావ తల పట్టుకున్నాడు. "అయస్కాంతం దగ్గరికి పోవద్దన్నోళ్ళే అయస్కాంతం పెట్టవట్టిరి!" ఆయన నవ్వుతూ తెర మీద గీతలు చూశాడు. డబ్బి తనకు బయటినుంచి కలిగిన అల్లరిని తానే రాసిపెట్టుకుంటుందట. ఆ ఉదయం అక్క తీగల కింద ఉన్న కాసేపట్లో దానికి ఏ అల్లరీ తగలలేదు. టవరుకు ఆనుకోవద్దు, తీగల కింద ఆపిన ట్రాక్టరును ముట్టుకోవద్దు, తల తిరిగినట్టయితే వెంటనే బయటికి నడవాలి, దూరం పోగానే మిషన్ తన లయకు తాను వచ్చేస్తుంది, అంతే, పని చేసుకోవచ్చు అన్నాడు. నా తప్పు తీర్పును నమ్మి ఆమె దిగినందువల్లనే ఆ సాక్ష్యం దొరికింది. ఇది నాకు ఊరటగా లేదు, ఇప్పటికీ లేదు.

తిరుగుదారిలో నేను ఊరుకోలేకపోయాను. "ఒక్క పొద్దు రుజువు కాదక్కా. ఇంకా కొన్నిసార్లు చూడాలె."

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఇంకెన్ని పొద్దులు కావాలె చెల్లె నీకు? ముందుగాల నాకెన్నున్నయో లెక్కజెప్పు."

మర్నాడు ఆమె టవర్ మడిలో దిగింది. నేను కూడా చీర ఎగ్గట్టుకుని పక్కనే దిగి, ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. ఒక చేత్తో నాటు ఎట్లా వేయాలని తిట్టింది, కానీ చేయి విడిపించుకోలేదు. నా వేళ్ళ కింద బురదలో నాడి ఒక్కటీ తప్పకుండా కొట్టుకుంటూ పోయింది. నారు అప్పటికి ముదిరిపోయింది. ముదురు నారుకు పిలకలు తక్కువ. ఆ ఏడు టవర్ మడిలో వడ్లు తగ్గాయి. "గవి పంతులమ్మ పరీక్ష ఫీజు" అని బావ అందరికీ చెప్పుకున్నాడు. నేను అడ్డు చెప్పలేదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి ఆగడం సరైనదేనని ఇవాళ్టికీ అంటాను. అయితే ఆ ఆగిన పదకొండు రోజులు ఎవరివని అడిగితే మాత్రం, అవి నావి కావని, అవి నారువీ, మా అక్కవీ అని, వాటిని తిరిగి ఇచ్చే కాలం ఏదీ లేదని చెప్పాలి.