గుహలో లేని గోడ

అశోక్‌నగర్ హాస్టల్లో మా గదిలో నలుగురం. ముగ్గురు గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, నేనొక్కదాన్ని మిషనుకి ఈత నేర్పేదాన్ని. ఈ పేరు వాళ్ళు పెట్టిందే. "నీళ్ళ కింద గుహకు పటం గీస్తే ఏమొస్తదే? జాబొస్తదా?" అని ఏడిపించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నీళ్ళు నిండిన గుహల్లోకి దిగి, దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళున్నారు. వాళ్ళకంటే ముందు మా మిషను వెళ్ళి దారి చూసొస్తుంది, మనిషి పోనక్కర్లేదు అని గొంతు చించుకునేదాన్ని.

చిక్కడపల్లిలో మా సారు కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో ఆ మిషను తయారైంది. దానికి తాడూ తీగా ఉండవు. నీళ్ళలోకి వదిలాక ఎటు పోవాలో, ఎప్పుడు తిరగాలో అదే తేల్చుకోవాలి. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికి నారాయణగూడలో ఒక ఈతకొలనుకి తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ పిల్లలకు ఈత నేర్పే అన్న మమ్మల్ని చూడగానే "బర్రెను తోలుకొచ్చిన్రా?" అని నవ్వేవాడు. ఆయనకి వీపుకి గాలి సిలిండరు కట్టుకొని లోతుకి దిగడం కూడా వచ్చు. కొలను అడుగున మా బర్రె ఎక్కడైనా మొరాయిస్తే తనే దిగి తెచ్చేవాడు. అసలు ఆ అవసరం తక్కువే. ఏమీ తోచకపోయినా, బ్యాటరీ తగ్గినా పైకి తేలమని మిషనుకి నేర్పాం. కొలనులో ప్రతిసారీ చక్కగా తేలేది. పైన ఉన్నది ఆకాశమే కదా, తేలక ఏం చేస్తుంది!

రెండువేల పదమూడు చలికాలంలో అసలు పరీక్షకి వెళ్ళాం. సున్నపురాతి గుట్టల మధ్య పెద్ద గుంట, అడుగున నీళ్ళు, ఆ నీళ్ళ కిందనుంచి పక్కకి పోయే సొరంగం. మిషనును మోయడానికి సాయంగా అన్న వచ్చాడు. దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నాడు. అలవాటు కొద్దీ సిలిండరు కూడా జీపులో వేసుకున్నాడు.

మిషను లోపలికి వెళ్ళింది. రావాల్సిన వేళ దాటిపోయింది. నేనూ సారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అది పైకి తేలింది. పైన ఆకాశం లేదు, బండ ఉంది. సొరంగం కప్పుకి అతుక్కుపోయింది. పిలుద్దామంటే మా మాట దానికి అందదు.

అన్న వైపు తిరిగి సారు, "ఒక్కసారి చూసొస్తావా?" అన్నారు.

"అదేంది సార్!" అని ఎగిరాను. "మనిషి పోవద్దనే గద మిషను చేసినం!"

"మూడేళ్ళ పనమ్మా. ఇంకోటి లేదు," అన్నారు సారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి వెనక్కి తగ్గాను.

"ఏం గాదు చెల్లె, జర చూసొస్త," అంటూ అన్న తన ఫోను నా చేతిలో పెట్టి, నడుముకి తాడు కట్టుకొని దిగాడు. బురద లేచి నీళ్ళు చాయ్ రంగుకి తిరిగాయి. అప్పుడే ఆ ఫోను మోగింది. ఆయన భార్య.

"ఆయన ఫోను నీ దగ్గరుందేంది?"

"నీళ్ళల్ల ఉన్నడు వదినా."

"ఏ నీళ్ళల్ల? జలుబుతోటి చెవులు బంద్ వడ్డయని పొద్దున్నే అన్నడు! ఎట్ల దింపిన్రమ్మా?"

నీళ్ళలోకి పోతున్న తాడునే చూస్తున్నాను. "నేను ఫోను పెట్ట. ఆయన వచ్చేదాక గిట్లనే ఉంట," అంది. ఆమె అక్కడ, నేనిక్కడ, ఇద్దరం ఫోను చెవికి ఆనించుకొని ఉండిపోయాం.

అన్న ఒట్టి చేతులతో పైకొచ్చాడు. చెవి మీద అరచేత్తో కొట్టుకుంటూ ఇంటావిడకి రెండు ముక్కలు చెప్పి ఫోను పెట్టేశాడు. "ఏమీ కనవడ్తలేదు. ఇంకొక్కపారి చూస్త," అన్నాడు. సిలిండరు పట్టీ గట్టిగా పట్టుకున్నాను. నా వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీసి మళ్ళీ దిగాడు. ఈసారి మిషనుతో వచ్చాడు. ఎడమ చెవిలోంచి మెడ మీదికి రక్తం కారుతోంది. లోపలి నరం దెబ్బతిన్నదనీ, ఆ చెవి ఇక వినపడదనీ తర్వాత డాక్టరు తేల్చేశాడు.

వారం తర్వాత చిక్కడపల్లి గదిలో కూర్చుని మిషను గీసిన పటం తెరిచాను. అది శబ్దాన్ని పంపి, తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి గోడలు గీస్తుంది. కప్పుకి అతుక్కున్నాక కూడా గీస్తూనే ఉంది. గీసిన వరసలోనే కంప్యూటరు మీద చూస్తూ పోయాను. సొరంగం మధ్యలో, ఉండకూడని చోట, ఒక సన్నటి గోడ. అది దగ్గరికొచ్చింది. చెయ్యి చాపినట్టు ముందుకి సాగింది. మిషనుకి జానెడు దూరంలో ఆగి వెనక్కి పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. అమ్మో, మొదటిసారే ఆయన అంత దగ్గరికొచ్చాడు! ఆ బురదలో కనపడలేదు, అంతే. బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను.

సారు వచ్చి చాలాసేపు చూశారు. "ఆ గోడ నాయిజ్, పనికిరాని గీత. తీసెయ్యమ్మా. పటం రేపు పంపాలి," అన్నారు.

"నాయిజ్ కాదు సార్. అన్న."

"తెలుసమ్మా. కానీ గుహలో అది లేదు కదా."

నిజమే, లేదు. తీసేశాను.

సాయంత్రం నారాయణగూడ వెళ్ళాను. చెవిలోకి నీళ్ళు పోకూడదని అన్న గట్టు మీదే కూర్చుని, ఈల ఊదుతూ పిల్లలకి నేర్పుతున్నాడు. ఆయన ఎడమ పక్కన కూర్చుని, తలెత్తకుండా, పటంలో ఆయన ఎలా కనిపించిందీ, చెయ్యి ఎంత దగ్గరికొచ్చిందీ, నేను దాన్ని ఎలా చెరిపేసిందీ అంతా చెప్పాను.

ఆయన పిల్లల్నే చూస్తున్నాడు. కాసేపటికి ఇటు తిరిగి, నన్ను చూసి, కుడి చెవి నా వైపు వంచాడు.

"ఎప్పుడొచ్చినవ్ చెల్లె? ఏమన్న అన్నవా?"

మళ్ళీ మొదటినుంచి చెప్పడం నా వల్ల కాలేదు.