హీరో ఒకరికి, రాక్షసుడు ఒకరికి

కాశీబుగ్గలో నాకొక డీటీపీ సెంటరు ఉంది. పెళ్ళి శుభలేఖలు, జీడిపప్పు డబ్బాల లేబుళ్ళు, ఎన్నికలొస్తే కరపత్రాలు, ఇవీ నా పనులు. వీటితో పాటు కొన్నేళ్ళుగా అమెరికా పాత బొమ్మల పుస్తకాలకు మరకలు తుడిచే పని కూడా చేస్తున్నాను. అక్కడెవరో ఒక చిన్న ప్రచురణకర్త పాతకాలపు కామిక్స్‌ను స్కాన్ చేసి పంపుతాడు. పసుపెక్కిన కాగితాన్ని తెల్లబరిచి, చెదిరిన గీతలు కలిపి, రంగులు సరిచేసి తిరిగి పంపాలి. మొదటి పేజీ అడుగున చిన్న చిన్న అక్షరాల్లో ఎవరు ప్రచురించారో ఉంటుంది. అది కూడా టైపు చేసి పెట్టమంటాడు.

ఆ చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాక నాకు పిచ్చి పట్టుకుంది. వీధి అదే, గది అదే, కంపెనీల పేర్లు మాత్రం నాలుగైదు. ప్రేమకథల పుస్తకం ఆడకపోతే రాత్రికి రాత్రి దాన్ని దయ్యాల పుస్తకం చేసేవారు. పేరు మారినా సంచిక నంబరు మాత్రం పాతదే నడిచేది, ఎందుకంటే కొత్త పుస్తకమని చెబితే తక్కువ తపాలా రేటు కోసం మళ్ళీ డబ్బు కట్టి మొదటినుంచి అర్జీ పెట్టుకోవాలి. అందుకని ఒకటో సంచికే లేని పుస్తకాలు అక్కడ బోలెడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితానికి కోటా పెడితే, బొమ్మల్ని చూసి కాక కోటాను చూసి కంపెనీలు చేతులు మారాయి. ప్రెస్సువాడికి బాకీ తీర్చలేక పుస్తకాన్నే వాడికి అప్పజెప్పి ఇంటికి పోయినవాళ్ళున్నారు. మిగిలిపోయిన కాపీలకు కొత్త అట్ట కుట్టి మళ్ళీ దుకాణానికి తోలినవాళ్ళున్నారు. ఇన్ని పేర్ల మధ్య బొమ్మ వేసినవాడి పేరు మాత్రం చాలాచోట్ల కనబడదు.

ఈ చిక్కుముళ్ళు విప్పడానికి అక్కడ పెద్దపెద్దవాళ్ళు తలలు పట్టుకుంటారని విన్నాను. నాకు అంత కష్టమనిపించలేదు. పక్కనే ఉన్న పలాస జీడిపప్పుకు లేబుళ్ళు వేసేదాన్ని కదా. షెడ్డు అదే, బాయిలరు అదే, పప్పు ఒలిచే ఆడవాళ్ళూ వాళ్ళే. భాగస్తులు విడిపోగానే ఒకాయన లేబులు మీది చిలక బొమ్మను పట్టుకుపోతాడు, ఇంకొకాయన కంపెనీ పేరు పట్టుకుపోతాడు, మరుసటి వారం కొత్త లేబులు కోసం ఇద్దరూ నా దగ్గరికే వచ్చి కూర్చుంటారు. ఏ దేశమైనా చిన్న వ్యాపారి బుద్ధి ఒకటే అని నాకు నమ్మకం కుదిరి, ఆ అమెరికా సంగతులన్నీ తెలుగులో ఒక పుస్తకంగా రాయడం మొదలుపెట్టాను.

రాసింది రాసినట్టు చదివి వినిపించేది మా మేనమామకు. ఆయనకు పలాస ఆసుపత్రిలో డయాలసిస్. మిషను తిరుగుతున్నంతసేపూ చెయ్యి కదపకుండా పడుకోవాలి కాబట్టి నాకు అంతకన్నా బుద్ధిగా వినేవాడు దొరకడు. కిడ్నీల జబ్బు పట్టిన మా ఉద్దానంలో చాలా ఇళ్ళకు ఆ వార్డు దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. మాకూ అంతే.

ఒకరోజు, కంపెనీ మూతబడి సీరియల్ కథ సగంలో ఆగిపోయిన ఒక పుస్తకం గురించి చదువుతున్నాను. మావ కళ్ళు తెరిచాడు.

"అమ్మీ, మనోడు కూడా ఇంకా సెట్టు మీదే ఉన్నాడు" అన్నాడు.

ఎవరి గురించి అంటున్నాడో నాకు వెంటనే అర్థమైంది. మావ వయసులో ఉన్నప్పుడు పలాసలో పిల్లల బొమ్మల పత్రిక ఒకటి వచ్చేది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన, టెక్కలిలో ఉండే ఆయన బావమరిది కలిసి దాన్ని నడిపారు. బొమ్మలూ కథా మావవి. కొబ్బరిచెట్టెక్కే పడుచువాడొకడు హీరో, తుపాను రాక్షసుడు వాడి శత్రువు. రాక్షసుడు తోటల్ని పెరికేస్తుంటాడు, వీడు చెట్టు చివరినుంచి వాడి రాకను కనిపెడుతుంటాడు. చిన్నప్పుడు ఆ పత్రిక కోసం మేం పిల్లలం జుట్టుజుట్టు పట్టుకున్నాం. ఆఖరి సంచికలో హీరో చెట్టు మీద ఉన్నాడు, రాక్షసుడి పిడికిలి చెట్టు మొదలు చుట్టూ బిగిసింది. ఆ తర్వాత బావా బావమరుదులకు చెడింది.

చెడ్డాక పంపకాలు చెయ్యాలి. వాళ్ళ కుటుంబాల్లో తోటలన్నీ పంచిన పెద్దమనిషిని ఉద్దానం నుంచి పిలిపించారు. ఆయనకు పత్రిక అంటే ఏమిటో తెలీదు, తోట అంటే తెలుసు. మా వైపు తోట పంచితే ఒక్కోసారి చెట్లు ఒకరికి, నేల ఒకరికి వస్తాయి. నుయ్యి మాత్రం ఉమ్మడి. ఆయన పత్రికనూ అలాగే పంచాడు. హీరో చెట్టు కింద లెక్క, రాక్షసుడు నేల కింద లెక్క. పత్రిక పేరు నుయ్యిలాంటిది కాబట్టి ఉమ్మడి, ఒకరిని కాదని ఇంకొకరు ముట్టుకోకూడదు. వాటాలు వేశాక ఇద్దరిలో చిన్నవాడు ముందు కోరుకోవాలి, అది పద్ధతి. టెక్కలి బావమరిది చిన్నవాడు. బాగా ఆలోచించి రాక్షసుణ్ణి కోరుకున్నాడు. పిల్లలు కొనేది రాక్షసుడి కోసమే అని ఆయన లెక్క.

తర్వాత పలాస నుంచి ఒక పత్రిక, టెక్కలి నుంచి ఒక పత్రిక వచ్చాయి. పేర్లు వేరు, నంబరు మాత్రం రెండూ పాతదాన్నే అందుకున్నాయి. ఇదే అమెరికాలో జరిగుంటే దీనిమీద ఎవడో ఒకడు పెద్ద గ్రంథం రాసేవాడు. పలాస పత్రికలో హీరో కొట్టడానికి ఎవరూ లేక కోతుల్ని తరిమాడు. టెక్కలి పత్రికలో రాక్షసుడు ఎదిరించేవాడు లేక తిన్నాడు, పడుకున్నాడు, మళ్ళీ తిన్నాడు. రెండింటికీ బొమ్మలు వేసింది మావే, ఒకే బల్ల మీద. ఇద్దర్నీ ఒక కాగితం మీద వెయ్యడానికి మాత్రం లేదు. చూస్తుండగానే రెండూ మూతబడ్డాయి. మావ బోర్డులు రాసుకున్నాడు, ఫ్లెక్సీలు వచ్చాక అదీ మానేశాడు.

"నాను పోయేలోపు ఆడిని సెట్టు దించాల" అన్నాడు మావ ఆ రోజు వార్డులో. "కత ఆకరు ఏటో నాకు అప్పుడే తెలుసు. సెప్పడానికే నేకపోయింది."

"దించు మావా, ఎవరొద్దన్నారు? నేను అచ్చు వేయిస్తాను" అన్నాను.

"పంపకం అయిపోయిన సెట్టు కాయ అడక్కండా కోసీత్తామేటి?"

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ హక్కుల సంగతులు చదివి వినిపిస్తున్నది ఈయనకేనా అనిపించింది. కాగితం లేదు, సంతకం లేదు, బొమ్మ నువ్వు పుట్టించావు, కథ నువ్వు పుట్టించావు, నీది నువ్వు గీసుకోవడానికి ఎవరిని అడగాలి అని వాదించాను. మావ అన్నీ విన్నాడు. పంపకం రోజున అరుగు మీద తనూ కూర్చున్నాడట, ఆ పెద్దమనిషి మాట చెవులారా విన్నాడట. విన్న మాట విననట్టు ఎలా ఉంటానన్నాడు. ఆయనతో వాదించడం కంటే బండరాయికి కితకితలు పెట్టడం నయం.

వ్యాపారులిద్దరూ ఎప్పుడో పోయారు, కొడుకులున్నారు. ముందు టెక్కలి వెళ్ళాం. అక్కడి కొడుకుది గ్రానైటు వ్యాపారం. మావ అడుగుతున్నది ఏమిటో అర్థమయ్యేదాకా మొహం చిట్లించుకుని విన్నాడు, అర్థమయ్యాక పగలబడి నవ్వాడు.

"మా నాన్న వాటాకి రాక్షసుడొచ్చాడా! తీస్కెళ్ళిపోండి బాబూ, మా ఇంట్లో ఉన్నోళ్ళు సాలు" అన్నాడు. కూల్ డ్రింకులు తెప్పించాడు. మావకు నీళ్ళు కూడా కొలిచి తాగాల్సిన పరిస్థితి కనుక ఆయనది కూడా నేనే తాగాను.

పలాస కొడుకు దగ్గర అంత తేలిగ్గా తెమల్లేదు. జీడిపప్పు షెడ్డు పక్కన ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. గోడ మీద వాళ్ళ నాన్న ఫొటో, దాని పక్కన ఫ్రేము కట్టిన పత్రిక అట్ట. అట్ట మీద మావ వేసిన హీరో. "మా డాడీ బొమ్మలు ఎంత బాగా వేసేవారో సూసారా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మావ నా మోచెయ్యి నొక్కాడు.

కొడుకు చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఒకటే షరతు. పుస్తకం మీద కథా బొమ్మలూ వాళ్ళ నాన్నవని వెయ్యాలి. సాయంత్రానికి ఈ సంగతి టెక్కలికి ఎలా పాకిందో, అక్కడినుంచి ఫోను. ఆళ్ళ నాన్న పేరేస్తే మా నాన్న పేరు కూడా పడాల్సిందే, లేకపోతే రాక్షసుణ్ణి ఇచ్చేది లేదని. పొద్దున నవ్వి ఊరికే ఇచ్చేసిన మనిషే సాయంత్రానికి రాక్షసుణ్ణి వెనక్కి లాక్కున్నాడు.

మావ రెండింటికీ ఒప్పేసుకున్నాడు.

నేను ఒప్పుకోలేదు. ముక్కూమొహం తెలియని అమెరికావాళ్ళ గీతలు చూసి, ఇది ఫలానా అతని చెయ్యి అని పట్టి, ఆ పేరు పక్కన రాసి పంపుతుంటాను. ఆ పనిలో నాకు సంబరం ఉంది. అలాంటిది, పొయ్యి మీద గంజి మాడుతున్నా బల్ల దగ్గర్నుంచి లేవకుండా మావ బొమ్మ వేస్తుంటే పక్కన నిలబడి చూసిన నేను, జీడిపప్పు అమ్మినవాళ్ళ పేర్లు వేసి అచ్చు వేయించాలా? చచ్చినా వేయించనన్నాను. మావ ఇంటికే వెళ్ళి, గట్టిగా అరిచి, ఏడ్చి కూడా వచ్చాను.

ఆయన కోపగించుకోలేదు. "నీకు నా పేరు గావాలా, ఆడు సెట్టు దిగడం గావాలా? రెండూ కుదరవంటన్నారు కదే" అన్నాడు. "నాకు ఆడు దిగితే సాలు."

గీయడానికి చాలా వారాలు పట్టింది. ఎడమచెయ్యి డయాలసిస్ సూదులకు పోయింది, కుడిచెయ్యి నిలకడగానే ఉంది. ఆసుపత్రికి వెళ్ళిన మర్నాడు బాగుండేవాడు, ఆ రోజే గీసేవాడు. పేజీ అయ్యాక స్కాన్ చేసేదాన్ని నేను. అమెరికా పుస్తకాలకు చేసినట్టు గీతలు కలపబోతే వద్దన్నాడు. కథ ముగింపు నేను అనుకున్నట్టు లేదు. రాక్షసుడు చెట్టును పెరకడు. పిడికిలి బిగించి ఊపీ ఊపీ అలిసిపోతాడు. చెట్టు మీదినుంచి హీరో ఒక బొండం కొట్టి కిందికి అందిస్తాడు. రాక్షసుడు తాగి, కాసేపు కూర్చుని, సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతాడు. అప్పుడు వీడు మెల్లిగా చెట్టు దిగుతాడు. దిగడానికే ఒక పేజీ మొత్తం ఇచ్చాడు మావ.

పుస్తకం అచ్చయింది. అట్ట మీద ఇద్దరు వ్యాపారుల పేర్లు, పెద్దాయనది ముందు, చిన్నాయనది తర్వాత. ఆ రెండు పేర్లూ నా చేత్తోనే టైపు చేశాను. ఇప్పటికీ ఆ పని నాకు నచ్చలేదు.

మొదటి కాపీ వార్డుకు పట్టుకెళ్ళాను. మావ ఒకసారి తిరగేసి, పక్క మంచం మీద ఉన్న ఆవిడకు ఇమ్మన్నాడు. ఆవిడది బారువ దగ్గర మత్స్యకారుల పల్లె. చదువు రాదు. బొమ్మలు చూసుకుంటూ పోయింది. రాక్షసుడు సముద్రంలోకి దిగే బొమ్మ దగ్గర ఆగి, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇవి ఎవులేసారు బాబూ?" అని మావనే అడిగింది.

మావ ఏమాత్రం తడుముకోకుండా అట్ట మీది రెండు పేర్లూ చెప్పాడు.

"ఎవులో గాని, కెరటం తెలిసినోలు" అంది ఆవిడ, పేజీ మీంచి కళ్ళు తీయకుండా. "మనోడు బొండమిచ్చి మంచి పని సేసాడు. తాగినోడు మరి తోట జోలికి రాడు."

మావ నావైపు తిరిగాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. "దిగిపోనాడే" అన్నాడు.