నా ఎత్తుకు కట్టించిన పొయ్యిగట్టు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండే వాక్యాలు. ఆ రెండు వాక్యాల వల్ల ఒక మనిషి మా ఇంట్లోంచి వెళ్లిపోయింది. వెళ్లినచోటే చనిపోయింది. మా ఆయనకు ఇది తెలియదు. మా అత్తగారికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను. పాప నిద్రపోయింది. అది లేచేలోగా రాసెయ్యాలి.

మా అత్తవారిది అల్లూరు దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. నేను నెల్లూరులో బి.ఏ. చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన ఏడాదే పక్క ఊరి బడిలో నాకు టీచరు ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా ఆ ఇంట్లో గడియారం చూసుకుని గడప దాటిన ఆడమనిషి లేదు. ఇల్లు కూడా అలాంటి మనిషి కోసం కట్టింది కాదు. వంటిల్లు కిటికీ లేని చీకటి కొట్టు. నేలమీద మట్టిపొయ్యి, దాని ముందు గొంతుక్కూర్చుని వంట.

వండేది చిన్నత్త. మా అత్తగారి చెల్లెలు. పదిహేనేళ్లకే భర్త పోతే అక్క ఇంటికి వచ్చి, ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యి ముందే ఉంది. బాగా పొట్టి మనిషి. ఇంట్లో ఆమెకంటూ గది లేదు. పొయ్యి దగ్గరి చోటే ఆమె చోటు, అక్కడ వండుతున్నంతకాలమే ఆమె ఆ ఇంటి మనిషి. అది నాకు తెలుసు. తెలిసే చేశానా? ఎప్పుడు ఆలోచించినా ఇక్కడే ఆగిపోతాను.

ఊళ్లోకి కరెంటు వచ్చిన ఏడు ఇంటికి మరమ్మతులు పెట్టారు. పొగలేని పొయ్యి గురించి చెప్పడానికి గ్రామసేవిక ఒకామె మా ఊరికి వచ్చేది. ఆమె తెచ్చిన పుస్తకంలో ఒక వంటింటి బొమ్మ ఉంది. కిటికీ కింద గట్టు, గట్టు మీద పొయ్యి, నలగని చీరతో నిలబడి వండుతున్న ఒక ఇల్లాలు. ఆ బొమ్మ నన్ను పట్టుకుంది. కాగితం మీద కొలతలు వేసి గీశాను. గోడ కొట్టించి కిటికీ పెట్టించాను. చిన్నత్తకు నడుంనొప్పి తగ్గుతుందని అందరితో చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా అంతే కాదు.

గట్టు ఎవరి ఎత్తుకు కట్టాలని మేస్త్రి అడిగాడు. చిన్నత్త పక్కనే నీళ్లు మోస్తోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి నా నడుం దగ్గర బొగ్గుతో గీత గీశాను. ఆమెను పిలిచి కొలవడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను బడికి పోతే రోజూ వండవలసింది ఆమే. మరి ఎందుకు పిలవలేదు? పిలిస్తే ఆ వంటిల్లు ఆమెదని ఒప్పుకున్నట్టు అవుతుందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోకుండానే చేశాను.

గట్టు ఆమెకు రొమ్ముదాకా వచ్చింది. దాని మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె. "పొయ్యి మేడెక్కినాది. నేనే ఇంకా నేలమీద ఉండాను" అని నవ్వింది. నవ్వి, వడ్లకొట్లోంచి ఒక ఎత్తుపీట తెచ్చుకుని దాని మీద నిలబడి వండడం మొదలుపెట్టింది. అన్నిటికంటే కష్టం గంజి వార్చడం. నేలపొయ్యి ఉన్నప్పుడు గిన్నె మీద సిబ్బి మూసి, కింద పెట్టి పక్కకు వంచితే బరువంతా నేలే మోసేది. ఇప్పుడు పొగలు కక్కే గిన్నెను గట్టు అంచున వంచి, తన చేతులతోనే ఆపాలి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఒక ఆదివారం గ్రామసేవిక కొందరు ఆఫీసర్ల భార్యలను మా వంటిల్లు చూపించడానికి తీసుకొచ్చింది. పొద్దున్నే గట్టు కడిగాను. కిటికీలో చెంబు పెట్టి పూలు పెట్టాను. మసిపట్టి, నూనె కారిన ఆ పీట మాత్రం నా బొమ్మలోకి ఇమడలేదు. చిన్నత్త స్నానానికి వెళ్లినప్పుడు దాన్ని తీసుకుపోయి వడ్లకొట్లో బస్తాల వెనక పెట్టాను. ఆమెకు చెప్పలేదు.

వాళ్లు చూశారు. మెచ్చుకున్నారు. ఒకావిడ గట్టు ఎత్తు రాసుకుంది. మజ్జిగ తాగడానికి అందరం ముందు వసారాలోకి వచ్చాం. పొయ్యి మీద పదిమందికి సరిపడా అన్నం ఉడుకుతోంది. చిన్నత్త వార్చడానికి వెళ్లింది. పీట కోసం వెతికే ఉంటుంది. వచ్చినవాళ్ల ముందు పీట ఏదని అరిచే మనిషి కాదు. అన్నం మెత్తబడిపోతుంది. మునివేళ్ల మీద లేచి గిన్నె వంచింది.

కేక వినిపించలేదు. గిన్నె పడ్డ చప్పుడు వినిపించింది.

అందరికంటే ముందు నేనే వెళ్లాను. ఆమె గోడవార కూలబడి ఉంది. మెడ దగ్గర నుంచి రొమ్ము, కుడిచెయ్యి అంతా గంజి. అప్పుడు నేను చేసిన మొదటి పని మీకు చెప్పాలి. ఆమెను ముట్టుకోలేదు. నీళ్లు పోయలేదు. పక్కనున్న వడ్లకొట్లోకి పరుగెత్తి, పీట తెచ్చి గట్టు ముందు పెట్టాను. ఆ తరువాత అమ్మో అని అరిచాను. ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

పీట మీంచి జారి పడిందన్నారు వచ్చినవాళ్లు. నేను ఔనని అనలేదు. కాదని కూడా అనలేదు.

నాలుగో రోజు అరిటాకు మీద పడుకుని ఉన్న ఆమెకు పాలు పట్టడానికి వెళ్లాను. మా అత్తగారు గుమ్మంలో ఉంది.

"పీట యాడ పెట్టినావు కోడలా?" అంది చిన్నత్త. కోపంగా కాదు. దువ్వెన ఎక్కడుందని అడిగినట్టు అడిగింది.

"అక్కడే ఉంది కదా చిన్నత్తా. మీరే చూసుకోలేదు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అట్టనా. అయితే నా కళ్లే పోయినట్టుండాయి."

"ఇంక పొయ్యి జోలికి పోబాక. ఈసారి ఇల్లు కూడా తగలెడతావు" అంది మా అత్తగారు, విసుక్కుంటూనే కళ్లు తుడుచుకుని.

పుండ్లు మానాయి గానీ కుడి మోచెయ్యి ముడుచుకుపోయింది. కళ్లు కనపడని, చెయ్యి లేవని మనిషికి మా ఇంట్లో పని లేదు. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు బండి కట్టారు. చిల్లకూరులో ఆమె మరిది ఇంటికి పంపారు. నలభై అయిదేళ్ల మనిషి, ఎప్పుడో చనిపోయిన భర్త తమ్ముడి పంచకు, ఒక చీరల మూటతో.

ఒక్కసారి చూడడానికి వెళ్లాను. పెంకుల వసారాలో కూర్చుని ఎడమచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఇంకా వీధిలో ఉండగానే తలెత్తింది. దగ్గరికి రాగానే "జాకెట్టు చేతికి కుట్టు ఊడినాది. బస్సులో అట్టనే వచ్చినావా?" అంది. చూసుకున్నాను. నిజమే. దారమంత చిరుగు.

ఆమెకు అన్నీ కనపడుతున్నాయి. ఆ రోజు నేను పీట తెచ్చి పెట్టడమూ కనపడింది. నలుగురిలో నన్ను నిలబెట్టకుండా తన కళ్లనే పోగొట్టుకుంది. జాలితోనా? చదువుకున్న కోడలి మాట ముందు వంటమనిషి మాట చెల్లదని తెలిసా? అడగవలసింది. పళ్లు ఇచ్చి వచ్చేశాను. ఆ మరుసటి ఏడు ఆమె పోయిందని ఉత్తరం ముక్క వచ్చింది. నేను అప్పుడు కడుపుతో ఉన్నానని నన్ను వెళ్లనివ్వలేదు. వెళ్లనివ్వనందుకు నాకు లోపల హాయిగా అనిపించింది. అదీ చెప్పాలి కదా.

ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్లు. దాన్ని వంటింటి గడప తొక్కనివ్వను. మరిగే నీళ్ల చప్పుడు వింటే బిడ్డ ఎక్కడుందో చూసి వస్తాను. ఎంత జాగ్రత్తగల తల్లి అంటారు.

ఈ సాయంత్రం మా అత్తగారు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్లు కనపడక ఒళ్లు కాల్చుకున్న ఒక అవ్వ కథ చెప్పింది. పాప కళ్లు గట్టిగా మూసుకుని, గోడలు తడుముతూ వసారా అంతా తిరిగింది, ఆ అవ్వలాగా. అందరూ నవ్వారు. నేను లేచి వచ్చేశాను.

రేపు పొద్దున వాళ్లకు చెప్పగలనా? చెప్పలేనేమో. నన్ను నేను ఎరుగుదును. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. కానీ ఆమె పేరు మీద ఉన్న ఆ మాట అబద్ధమని ఎక్కడో ఒకచోట, ఒక కాగితం మీదనైనా ఉండాలి. చిన్నత్త కళ్లు బాగానే ఉన్నాయి. చివరిదాకా బాగానే ఉన్నాయి. ఇంతే. ఏడేళ్లలో ఇప్పుడే నిండుగా ఊపిరి తీసుకున్నాను.