క్రేన్ దాదా కోసం నేను చేసిన ప్రార్థన

నాకు పాతికేళ్లప్పుడు, బెంగాలీవాళ్ల రేవు గార్డెన్ రీచ్‌లో ఉండే తెలుగు క్రైస్తవుల్లో ప్రార్థనంటే నాదే. నేను గొంతెత్తితే రేవులో ఓడలు కూత మానుకుని వినేవి. (ఓడల సంగతి కొంచెం పెంచాను. నిజానికి నా గొంతు మా సంఘంలోనే ఎవరూ వినలేదు.) మా కూడికలు శుక్రవారం సాయంత్రాలు ఇంటింటా జరిగేవి. పాట అయ్యాక గోడవారనుంచి ఒక్కొక్కరూ వరసగా పైకి ప్రార్థన చెయ్యాలి. నేను గుమ్మం పక్కనే కూర్చునేవాణ్ని. వరస నా పక్క మనిషిదాకా రాగానే టీ పెట్టే వంకతో లేచిపోయేవాణ్ని. సంఘమంతా నన్ను సేవాతత్పరుడనుకునేది. కొత్తగా శ్రీకాకుళం వైపునుంచి కాపురానికొచ్చిన మా ఆవిడ ఒక్కతే కనిపెట్టేసింది.

ఓ శుక్రవారం కూడిక మా ఇంట్లో. పక్క వాటా బెంగాలీ బౌదీ, అంటే వదినగారు, గుమ్మంలో వచ్చి నిలబడింది. ఆవిడ భర్త మా జెట్టీలో క్రేన్ నడిపే దాదా, అన్నగారన్నమాట. కింద నిలబడి చేతులూపి సైగలు చేసేది నేను, పైనుంచి బరువులెత్తేది ఆయన. అంత ఎత్తున కూర్చునే మనిషికి కత్తంటే భయం. మర్నాడు కడుపు ఆపరేషన్, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పినా ఆసుపత్రికి రానని మంచం పట్టుకు కూర్చున్నాడట. ఎవరైనా వచ్చి మీ దేవుడితో ఒక మాట చెప్పండని బతిమాలింది. పాస్టరుగారు షాలిమార్‌లో ఇంకో కూడికకి వెళ్లారు. అందరూ నా వంక చూశారు. నేను స్టవ్వు వంక చూశాను.

"టీ నాను పెడతాను, మీరెల్లండి" అంది మా ఆవిడ. అని, టీ సంగతి మరిచి నా వెనకే వచ్చింది.

కాళీమాత పటం కింద మంచం, మంచం మీద దాదా. తెలుగులో ప్రార్థిస్తే వాళ్లకి అర్థం కాదు. నాకొచ్చిన బెంగాలీ అంతా జెట్టీలోది, అందులో సగం తిట్లు. కళ్లు మూసుకుని, అలవాటుగా చేతులెత్తి, సరుకెత్తించే కేకల్లోనే అందుకున్నాను: "ప్రభూ, హబీస్. ఆస్తే, ఆస్తే. దాదాని పైకెత్తు, తాడు జారనివ్వకు." (హబీస్ అంటే ఎత్తమని, ఆస్తే అంటే నెమ్మదిగా.) అలాంటి ప్రార్థన పరలోకానికి అంతకుముందు చేరి ఉండదు. దాదా కళ్లు తుడుచుకుని లేచి, అప్పటికప్పుడు ఆసుపత్రికి నడిచి వెళ్లిపోయాడు. (సరే, మర్నాడు పొద్దున్న, రిక్షాలో.) బాగై మళ్లీ క్రేనెక్కాడు. పై శుక్రవారం నేను గుమ్మం వదిలి, గోడవార అందరి మధ్యా కూర్చున్నాను.

మొన్న ఇదంతా మా సంఘానికి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలకి చెబుతున్నాను. పాపం, పరాయివాళ్ల ముందు ప్రార్థనకి నోరు పెగలడం లేదంటే ధైర్యం చెబుదామని. హబీస్ దగ్గరికి వచ్చేసరికి, నా ముసలి చెయ్యి దానంతటదే పైకి లేచింది. వెనక కుర్చీలోంచి మా ఆవిడ అంది:

"హబీస్ లేదు, ఏటీ లేదు. ‘ప్రభూ’ అన్నారు, బోరుమని ఏడిసీసినారు. ఆ దాదాయే మంచం దిగొచ్చి మీ సెయ్యట్టుకుని, ‘ఏడవకురా, రేపు ఆసుపత్రికి ఎల్తాన్లే’ అన్నాడు."