రంగు పట్టని గాజుపలక

మొన్న ఆదివారం ఫోనులో చెప్పి తెప్పించుకున్న చేపలు థర్మోకోలు పెట్టెలో వచ్చాయి. మూత తీయగానే ఐసు సంచులు చేతికి చల్లగా తగిలేసరికి వంట సంగతే మరిచిపోయి కుర్చీలో కూలబడ్డాను. ఈ వయసులో ఏ వస్తువు ఎవరిని గుర్తుకు తెస్తుందో చెప్పలేం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాయ్‌పూర్‌లోని ఒక క్యాన్సర్ పరిశోధన ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. నాన్న రైల్వే ఉద్యోగం కోసం కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి ఉండిపోయిన క్రైస్తవ కుటుంబం మాది, అక్క నర్సు. ల్యాబుకు పరీక్షల్లో వాడే యాంటీబాడీలు ఇలాంటి పెట్టెల్లోనే వచ్చేవి. వాటిలో ఒకటి, కణాన్ని చావనివ్వకుండా అడ్డుపడే ప్రోటీన్‌ను పట్టి చూపించేది. గాజుపలక మీది కణితి ముక్కలో ఆ ప్రోటీన్ ఉంటే గోధుమరంగు పడుతుంది, లేకపోతే పడదు. చావాల్సిన కణం మొండికేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుందని ఆ ఉద్యోగంలోనే తెలుసుకున్నాను గానీ, అది మా గడపే తొక్కుతుందని అనుకోలేదు.

ఆ వేసవిలో అక్క మెడ మీద గడ్డ తేలింది, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. అక్క ఒప్పుకోవడంతో ఆ గడ్డలోంచి తీసిన ముక్క మా పరిశోధనలోకీ వచ్చింది. ప్రోటీన్ లేకపోతే రోగం మందులకు లొంగే ఆశ ఎక్కువని మా ల్యాబు నడిపే మేడమ్ అనేవారు. సరిగ్గా అప్పుడే ల్యాబు ఫ్రిజ్ చెడిపోతే, బాగయ్యేదాకా ఆ యాంటీబాడీ ఉన్న బుల్లి సీసాను మా ఇంటి ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన పెట్టాను. అదేమిటో అమ్మకు చెప్పానే గానీ, ఆమె మనసు చావనివ్వదన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"మరదే అక్కకి ఎక్కించమనవే మీ మేడమ్‌ని" అంది.

విడమరిచి చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను. ఇక ఆ సీసాను కంటికి రెప్పలా కాచుకుంది. ఫ్రిజ్ తలుపు ఎవరు తీసినా కసిరేది, రాత్రి ప్రార్థనలో దాన్నీ కలిపేది.

ల్యాబు ఫ్రిజ్ బాగయ్యాక పరీక్ష చేశాను. మైక్రోస్కోపు కింద అక్క పలకలో, ప్రతి పలకకూ అడుగున వేసే నీలం తప్ప గోధుమరంగు జాడే లేదు. నాకు ప్రాణం లేచివచ్చింది, స్తోత్రం ప్రభువా అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. అయితే రోగి ముక్కతో పాటు టాన్సిల్ ముక్క ఒకదానికీ రంగు వేయడం మా పనిలో ఆచారం. అందులో ఆ ప్రోటీన్ ఎప్పుడూ ఉంటుంది గనుక సీసాలోది పనిచేస్తోందో లేదో అదే చెబుతుంది. ఆ పలకా పెట్టి చూశాను. అదీ నీలమే. అంటే సీసాలోదే పాడైంది, అక్క పలక చెప్పినదానికి అర్థం లేదు.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ సంబరపడిపోతూ, "గర్మీకి ఖరాబైపోద్దని నేనే పైన బరఫ్‌లో పెట్టానే, మంచిపనే కదా?" అంది.

ఫ్రీజర్ మంచులో ఆ యాంటీబాడీ ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. మంచిపనే చేశావమ్మా అన్నాను.

తర్వాత కొత్త సీసా వచ్చింది, అక్క పలక నిండా గోధుమరంగు పట్టింది. మళ్ళీ ఎండలు ముదరకుండానే అక్క వెళ్ళిపోయింది. ఆ సీసాలోది ఎక్కించి ఉంటే బతికేదని అమ్మ తను పోయేదాకా అంటూనే ఉంది.

ఇప్పుడు కొత్త ల్యాబుల్లో రంగులన్నీ మిషన్లే వేస్తాయట, ఫ్రిజ్ వేడెక్కితే ఫోను మోగుతుందట, రెండు పలకలూ చూశాకే ఫలితం బయటికి వస్తుందట. మంచిదే, అలాంటి పొరపాటు ఇంకెవరికీ జరగదు. కానీ ఒక పలక తీసి రెండోది పెట్టేలోపు ఆ కాసేపు, మా అక్క బతుకుతుందని నేను నిజంగా నమ్మాను. ఆమె జబ్బు పడ్డాక నేను సంతోషంగా ఉన్నది ఆ కాసేపే, అదీ అమ్మ చలవే.